క్రైస్తవ విశ్వాసం వల్ల సంఘం బయటివారికి మేలు జరుగుతుందా?

విశ్వాసం వల్ల విశ్వాసికి కలిగే మేలు సరే, చర్చి గడప తొక్కనివారికి దానివల్ల ఒరిగేదేమిటని మీరు అడిగారు. ఒరుగుతుందనే నా జవాబు. అయితే ఆ మేలు మైకులోని పాటలతోనో ప్రసంగాలతోనో ఊరికి చేరదు. విశ్వాసి డబ్బు దగ్గర, తూకం దగ్గర, కూలి లెక్క దగ్గర ఎలా నడుచుకుంటాడో అక్కడే చేరుతుంది.

గుంటూరులో అమెరికన్ మిషనరీ డాక్టరు అన్నా కుగ్లర్ నెలకొల్పిన ఆసుపత్రి, డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల కోసం మొదలైన ఆసుపత్రి చాలామంది ఎరిగినవే. మా ఒంగోలు ప్రాంతపు సంగతి ఒకటి చెబుతాను. 1876–78 నాటి ధాత కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకుని, ఆకలితో వచ్చినవారికి కూలి దొరికేలా చేశారు. అంతకంటె గొప్పదని నాకు తోచేది మరొకటి ఉంది. కరువు సాయం సాగుతున్న నెలల్లో, తిండి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని ఆయన బాప్తిస్మాలు ఆపివేశారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందినది ఆ తరువాతనే. చేసిన మేలుకు బదులుగా ఏదీ ఆశించనప్పుడే అది అందరిదవుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక నేను కళ్లారా చూసినది. మా నాన్నగారు మా ఊళ్లో శనగలు, మిరపకాయలు తూచే కాటా మనిషి. గోనెసంచి బరువనీ, తేమ అనీ చెప్పి బస్తాకు రెండు మూడు కిలోలు తరుగు తీయడం అప్పట్లో మామూలు. నాన్నగారు మాత్రం తూకం మొదలుపెట్టే ముందు ముద్ర వేసిన ఇరవై కిలోల గుండును కాటా మీద పెట్టి, రైతునే ముందుకు పిలిచి ముల్లు ఎక్కడ నిలిచిందో చూసుకోమనేవారు. ఆ తరువాత ఖాళీ సంచిని తూచి, ఎంత బరువుంటే అంతే తీసేవారు. తప్పుడు త్రాసు దేవునికి హేయమని బైబిల్లోని సామెతల గ్రంథంలో ఉందని, ఆ త్రాసు పట్టిన చేత్తో ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోలేనని ఇంట్లో అనేవారు. బయట ఎవరికీ వాక్యం వినిపించేవారు కాదు.

ఒక వ్యాపారి ఇది గిట్టక ఆయనకు పని ఇవ్వడం మానేశాడు. ఆ ఏడాది మా ఇంట్లో బాగా ఇబ్బంది పడ్డాం, అమ్మ పరుల చేలో మిరపకాయల కోతకు వెళ్లింది. కానీ పంట చేతికొచ్చే వేళకు, మా సంఘంతో ఏ సంబంధమూ లేని పెద్ద రైతులే ఆ కాటా వస్తేనే సరుకు తూయిస్తామని పట్టుబట్టారు. ఆ తరువాత మిగతా కాటాల వారు కూడా ముందుగా గుండు పెట్టి చూపించక తప్పలేదు. అందువల్ల ఎక్కువ లాభపడినది కౌలు రైతులు. వారిలో క్రైస్తవులు కొద్దిమందే.

నీతిమంతులు అన్ని మతాల్లోనూ ఉన్నారని మీరు అనవచ్చు, అది నిజమే. మా నాన్నగారి విషయంలో మాత్రం, చూసే మనిషి లేనప్పుడు కూడా చూసే ప్రభువు ఉన్నాడన్న నమ్మకమే నష్టం వచ్చినా ఆయనను నిలబెట్టింది.

మీ సంఘంలో ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, కూలి డబ్బుతో మొదలుపెట్టమంటాను. పొలం కోసిన పనివారికి బిగబట్టిన కూలి మొరపెడుతుందని బైబిల్లోని యాకోబు పత్రికలో ఉంది. క్రిస్మస్‌కు కొత్త బట్టలు కొనేలోపే ఎవరికి ఎంత బాకీ ఉన్నా తీర్చివేయాలని మా పాస్టరు గారు ప్రతి ఏటా డిసెంబరు మొదటి ఆదివారం చెబుతారు. ఆ వారంలో డబ్బు అందుకునే కూలీలలో ఎక్కువమంది మా చర్చికి రానివారే.