రికంబెంట్ అంటే ఏమిటి? 'లయింగ్ డౌన్' ఉండగా ఈ మాట ఎందుకు?

డిక్షనరీలో 'పడుకుని ఉన్న' అని ఇచ్చారు, మరి ఎవరి నోటా వినపడదేం అని అడిగారు. వినపడదు, నిజమే. నేను పిల్లల వార్డులో నర్సుని. డ్యూటీలో ఈ మాట తరచూ రాస్తాను, డ్యూటీ దిగాక పొరపాటున కూడా అనను. ఇంట్లో ఎవరైనా సోఫా మీద వాలి "ఐయామ్ రికంబెంట్" అంటే వేళాకోళం ఆడుతున్నారనే అనుకుంటాం.

ఇది విశేషణం. శరీరం పడుకుని ఉన్న స్థితిని చెబుతుంది, పడుకోవడం అనే పనిని కాదు. నిద్రతో దీనికి సంబంధం లేదు. మనం "పేషెంట్ పడుకున్నాడు" అంటే నిద్రపోయాడో, ఊరికే వాలాడో తెలియదు కదా, రికంబెంట్ అంటే ఆ అనుమానం రాదు. కళ్లు తెరుచుకుని కబుర్లు చెబుతున్న మనిషి కూడా రికంబెంటే.

ఐతే ఎటు తిరిగి పడుకున్నాడో ఈ ఒక్క మాట చెప్పదు. వెల్లకిలా ఐతే సుపైన్, బోర్లా ఐతే ప్రోన్ అనే వేరే మాటలున్నాయి. అందుకే కేస్‌షీట్లలో రికంబెంట్‌కి ముందు ఇంకో మాట తగిలిస్తాం. లేటరల్ రికంబెంట్ అంటే పక్కకు తిరిగి. స్పృహ లేకున్నా ఊపిరి ఆడుతున్న మనిషిని అలాగే తిప్పుతారు, వాంతి అయితే గొంతులోకి పోకుండా. డోర్సల్ రికంబెంట్ అంటే వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పాదాలు మంచానికి ఆనించి ఉండటం. సుపైన్‌కీ దీనికీ తేడా ఆ మోకాళ్ల దగ్గరే. ఆడవాళ్లకి యూరిన్ క్యాథెటర్ పెట్టేటప్పుడు మామూలుగా ఈ పొజిషనే.

నేను ఎక్కువగా రాసేది మాత్రం 'రికంబెంట్ లెంగ్త్'. రెండేళ్లలోపు పిల్లల పొడవు పడుకోబెట్టి కొలుస్తాం. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఒకరు తలని పైచెక్కకి ఆనించి కదలకుండా పట్టుకోవాలి. రెండోవాళ్లు ఒక చేత్తో మోకాళ్లు మెల్లగా చాపి, ఇంకో చేత్తో కిందిచెక్కని పాదాలకి తగిలేదాకా జరపాలి. వాడు సరిగ్గా అప్పుడే తంతాడు. ఏడుపు ఆగి కాళ్లు చాపిన ఆ ఒక్క క్షణంలో అంకె చదివేసుకోవాలి. ఇంత తంటా ఎందుకంటే, పడుకోబెట్టి కొలిచిన పొడవు నిలబెట్టి కొలిచిన ఎత్తు కన్నా కాస్త ఎక్కువ వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆ తేడా 0.7 సెంటీమీటర్లు. రెండేళ్లలోపు బిడ్డని నిలబెట్టి కొలవాల్సి వస్తే అంత కలిపి రాయాలి. కాబట్టి చార్ట్‌లో ఆ మాట ఫార్మల్‌గా ఉండటం కోసం పెట్టింది కాదు, అది లేకపోతే పక్కనున్న అంకెకి అర్థమే మారిపోతుంది.

ఆసుపత్రి బయట మీకు ఎక్కువగా కనపడేది జిమ్‌లో రికంబెంట్ బైక్. వెనక్కి ఆనుకుని, కాళ్లు ముందుకు చాపి తొక్కుతారు. నిజానికి అక్కడ ఎవరూ పూర్తిగా పడుకోరు, పేరు అలా స్థిరపడింది. రోడ్డు మీద నడిచే రకం కూడా ఉంది. 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే రైడర్ అలాంటి సైకిల్ మీద గంటలో 45 కిలోమీటర్లు దాటి, 1914 నాటి రికార్డు బద్దలు కొట్టాడు. మరుసటి ఏడాదే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఆ రకం సైకిళ్లని పోటీల్లోంచి తీసేసింది. పశువుల డాక్టర్లు లేవలేక పడిపోయిన ఆవుని, భూగర్భ శాస్త్రవేత్తలు దాదాపు అడ్డంగా పడుకున్న రాతి మడతని కూడా రికంబెంట్ అనే అంటారు.

మూలం లాటిన్, 'వెనక్కి వాలు' అని. పదవిలో ఉన్నవాళ్లని అనే ఇన్‌కంబెంట్ కూడా ఆ కుటుంబంలోదే, కాబట్టి పరీక్షలో ఆప్షన్లలో ఈ రెండూ పక్కపక్కన ఇస్తే కంగారు పడకండి.

మీరు లెటర్‌లోనో వ్యాసంలోనో రాస్తుంటే 'లయింగ్ డౌన్' చాలు. రిపోర్టులో భంగిమే ముఖ్యమైనప్పుడు రికంబెంట్ వాడండి, ఏ వైపుకో కూడా చెప్పండి. పలికేటప్పుడు ఒత్తు 'కం' మీద.