ఎత్తుమడుల మధ్య దారుల్లో గరిక: కప్పు సరే, అంచు సంగతి చూడండి

ఇటుకలతో ఎత్తుమడులు కట్టి కూరగాయలు వేశామనీ, మడుల మధ్య నడిచే దారుల్లోని గరిక మడుల్లోకి ఎక్కుతోందనీ, దారుల మీద మల్చింగ్ చేస్తే, అంటే నేలను ఏదైనా పరిచి కప్పితే, అది ఆగుతుందా, ఆగేటట్లయితే ఏమి పరచాలి అనీ అడిగారు. ఆగుతుంది. మా పెరట్లో ఏళ్ళ తరబడి చూస్తున్నదాన్ని బట్టి ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. అయితే ఏమి పరచాలన్న ప్రశ్నకు మీరు ఇవ్వవలసినదానికంటే ఎక్కువ ప్రాధాన్యం ఇస్తున్నారని నా అభిప్రాయం. పరిచేది ఊకైనా, ఎండుగడ్డైనా, కొబ్బరి డొక్కలైనా ఫలితంలో పెద్ద తేడా రాదు. తేడా అంతా ఆ కప్పు మడి గోడను తాకేచోట, కంచెను తాకేచోట, ఆ బెత్తెడు జాగాలో వస్తుంది.

మాది మండపేట దగ్గర పల్లెటూరు. ఒండ్రు నేల కావడంతో ఏ విత్తనం పడినా మొలుస్తుంది, కలుపు కూడా అలాగే మొలుస్తుంది. 2016లో పెరట్లో ఆరు మడులు కట్టించాము. ఒక్కొక్కటి నాలుగడుగుల వెడల్పు, పదడుగుల పొడవు. మధ్యలో రెండడుగుల దారులు. మడుల్లో పోసే మట్టికీ, ఎరువుకీ ఎంత శ్రద్ధ పెట్టామో దారుల విషయంలో అంత అశ్రద్ధ చేశాము. కలుపు తీసిన ప్రతిసారీ మడిలోని గరికనే పీకుతూ వచ్చాను కానీ, నేను పీకుతున్నవి కొసలు మాత్రమేననీ, వాటి మొదలు నేను నిలబడి ఉన్న దారిలో, నా కాళ్ళ కిందే ఉందనీ గ్రహించడానికి ఏడాది పట్టింది.

గ్రహించిన తరువాత చేసిన మొదటి పని తవ్వించడం. 2017 తొలకరికి ఇద్దరు కూలీలను పెట్టి దారులన్నీ పారలతో తిరగవేయించాను. సాయంత్రానికి దారులు నల్లగా, చూడముచ్చటగా తయారయ్యాయి. రెండు రోజులు తిరగకుండానే ముసురు పట్టింది. ఎండ మొహం చూడని ఆ వారం రోజుల్లో, పార దెబ్బకు తెగిన ప్రతి ముక్కా కణుపు దగ్గర వేరు పోసుకుంది. గరికకు నేల మీద పాకే తీగ ఒకటి, నేల లోపల పాకే తెల్లటి కాండం ఒకటి, రెండూ ఉంటాయి. రెండింటికీ కణుపు కణుపునా మొలిచే గుణం ఉంది. అంగుళం ముక్కలో ఒక్క కణుపు ఉన్నా చాలు, అది మరో మొక్క అవుతుంది. అంతకుముందు అక్కడక్కడా ఉన్న గరిక ఆ ఏడాది శ్రావణ మాసానికి దారి పొడవునా సందు లేకుండా అల్లుకుంది. తవ్వి తీరాలనుకునేవారు రోహిణి కార్తె ఎండల్లో తవ్వి, ముక్కలను పైకి లాగి, అవి పుల్లల్లా విరిగేదాకా ఎండనివ్వాలి. చినుకు పడ్డాక దారిని పారతో ముట్టుకోవడం గరికను మనమే పంచి నాటడంతో సమానం.

దసరాకు ముందు కొబ్బరి దింపుకు వచ్చిన పెద్దాయన చెట్టు దిగి, మంచినీళ్ళు తాగుతూ దారుల వంక చూసి, "ఇది తవ్వితే చావదండి అమ్మగారూ, ఎండ తగలకుండా చేస్తే చస్తుందండి" అన్నారు. అని ఊరుకోకుండా, గోడవారగా పడి ఉన్న పాత మట్టల గుట్టను పక్కకు లాగి చూపించారు. కింద నేల చెమ్మగా, బోడిగా ఉంది. వానపాములు వేసిన మట్టి గుళికలు తప్ప పచ్చదనం లేదు. రంగు వెలిసిన గరిక తీగలు రెండు మూడు మిగిలి ఉంటే, వేలితో లాగగానే వేరు పట్టు లేకుండా చేతికి వచ్చాయి. గరిక కూడా చెరకు, మొక్కజొన్నల తరహాలో మండుటెండను వాడుకుని బతికే మొక్క. ఆ ఎండే దాని బలం కాబట్టి నీడ దాని బలహీనత. నేను చదివిన పుస్తకాలలోనూ ఈ మాట ఉంది కానీ, ఆ మట్టల కింద చూసేదాకా నాకు నమ్మకం కుదరలేదు.

మరుసటి వేసవిలో దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక రెండు మోపుల ఎండుగడ్డి తెచ్చి దారుల్లో బెత్తెడు మందాన పరిచాను. రెండు వానలకే అది అణిగి రెండు వేళ్ళ మందానికి దిగింది. గరిక దానిలోంచి సులువుగా పైకి వచ్చింది. గడ్డిలో మిగిలిన వడ్లు మొలిచాయి, ఆ వడ్ల కోసం ఎలుకలు వచ్చాయి. దీన్ని చూసి ఎండుగడ్డి పనికిరాదని తీర్మానించకండి. మందం చాలలేదు, కింద వెలుతురును పూర్తిగా అడ్డే పొర లేదు, అంతే. మా చుట్టుపక్కల కోత మిషన్లు వచ్చాక మాగాణిలో మిగిలే గడ్డిని చాలామంది అక్కడికక్కడే తగలబెడుతున్నారు. ఆ పొగ చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. ఒక్కొక్క చేనులో కాలిపోయే ఆ గడ్డి ఊళ్ళోని ఎన్నో పెరటి దారులను మందంగా కప్పగలదు.

2019 మే నెలలో పద్ధతి మార్చాను, ఇప్పటికీ అదే పద్ధతి పాటిస్తున్నాను. ముందుగా గరికను కొడవలితో నేలమట్టానికి కోసి, కోసినదాన్ని అక్కడ వదలకుండా ఎత్తివేసి, నేలను బాగా తడిపాను. కిరాణా కొట్టు నుంచి అట్టపెట్టెలు తెచ్చి, టేపులూ పిన్నులూ ఊడదీసి, రెండు వరసలుగా, ఒక అట్ట మీదికి మరొకటి జానెడు ఎక్కేటట్టు పరిచాను. నిగనిగలాడే రంగుల పూత ఉన్న అట్టలు త్వరగా నానవు, మట్టిలో కలవవు కాబట్టి వాటిని వాడలేదు. అట్టను కూడా తడిపి, దాని మీద నాలుగైదు అంగుళాల మందాన ఊక పోయించాను. మా దారులు మొత్తం కలిపి తొంభై అడుగుల పొడవుంటాయి. వాటికి ఇరవై పెద్ద బస్తాల ఊక పట్టింది. మా వైపు రైసుమిల్లులకు కొదవ లేదు కాబట్టి ఊక దొరకడం కష్టం కాలేదు. ఊకలో ఇసుక జాతి ఖనిజమైన సిలికా ఎక్కువగా ఉండటం వల్ల అది ఎండుగడ్డిలా ఒక్క వర్షాకాలానికే కుళ్ళిపోదు. అయితే ఊక తేలిక. మొదటి పెద్దవానకు తేలిపోయి పల్లపు మూలకు చేరింది. అప్పటి నుంచి ఎండిన కొబ్బరి డొక్కలను నాలుగేసి ముక్కలుగా కొట్టించి ఊక మీద పరుస్తున్నాను. ఆ బరువుకు ఊక కదలదు, నడవడానికి కూడా దారి మెత్తగా, బురద లేకుండా ఉంటుంది.

ఆ ఏడాది కార్తీక మాసంలో జరిగినదే నేను మీకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది. వంగమొక్కల మడిలో, ఇటుకగోడ వారగా, గరిక పిలకలు కనిపించాయి. దారిలో చూస్తే ఎక్కడా పచ్చటి ఆకు లేదు. మట్టితో పాటు వచ్చిందేమోనని పీకబోతే తీగ మడిలోంచి కాక ఇటుకల నడుమ నుంచి సాగి వస్తోంది. దారిలోకి దిగి, డొక్కలు తీసి, ఊకను చేతులతో పక్కకు తోసి, నాని మెత్తబడిన అట్టను చిరగకుండా మెల్లగా పైకి లేపాను. కింద ఒకే ఒక్క తీగ ఉంది. పచ్చదనం పూర్తిగా పోయి, లేత పసుపు రంగులో, నూలు దారమంత సన్నగా ఉంది. కణుపుల దగ్గర ఆకులకు బదులు ఎండిన పొలుసులు మాత్రమే ఉన్నాయి. దాని మీద వేలు ఆనించి వెనక్కి పోతూ ఉంటే అది సరాసరి కంచె దగ్గరికి, కంచె వారన ఎండలో దుబ్బుగా పెరిగిన గరిక దగ్గరికి తీసుకుపోయింది. అక్కడి నుంచి బయలుదేరి, అట్ట కింద చీకటిలో ఎక్కడా వేరు దించకుండా, ఎక్కడా ఆకు వేయకుండా పాకి, గోడకూ అట్టకూ మధ్య నేను వదిలేసిన వేలెడు సందులో తల ఎత్తి, సిమెంటు ఊడిన ఇటుకల నడుమ నుంచి మడిలోకి దూరింది. టేపు తెచ్చి కొలిచాను. ఏడడుగుల మూడంగుళాలు ఉంది. అంత దూరమూ దానికి తిండి పంపినది కంచె దగ్గర ఎండలో ఉన్న తల్లి మొక్క.

ఆ తీగను చూసిన రోజున నా ఆలోచన మారిపోయింది. కప్పు వేయడం వల్ల దారిలోని గరిక చస్తుంది. బయటి నుంచి వచ్చే గరిక మాత్రం చావదు, పైగా అదే కప్పు చాటున మన కంటపడకుండా ప్రయాణం చేస్తుంది. అందుకని రెండు పనులు చేశాము. కంచె పొడవునా జానెడున్నర లోతున కడప రాతి పలకలను సందు లేకుండా నిలువుగా పాతించి, పలకల అంచు నేల మీదికి నాలుగు వేళ్ళు కనిపించేటట్టు ఉంచాము. రాయి కొనే స్తోమత లేకపోతే అదే లోతున కాలువ తీసి ఖాళీగా వదిలినా చాలు. గాలిలోకి వచ్చిన తీగను కొడవలి కొసతో తెంచేయవచ్చు. ఇక మడి గోడల చుట్టూ బెత్తెడు వెడల్పున అట్టా ఊకా లేకుండా నేలను ఖాళీగా ఉంచాము. కప్పు లేని చోట గరిక మొలుస్తుంది కదా అని మా తోటికోడలు అడిగింది. మొలవనివ్వండి. మొలిస్తే కనిపిస్తుంది, కనిపిస్తే వారానికొకసారి చుట్టూ తిరిగి తీసివేయవచ్చు. గోడదాకా కప్పేస్తే అది మడిలో తేలేదాకా తెలియదు.

ప్లాస్టిక్ షీటు గురించి కూడా అడిగారు. దారులకు వద్దు. రైతులు మిరపకూ పుచ్చకూ వేసే 25, 30 మైక్రాన్ల షీటు డ్రిప్పుతో పాటు ఒకటి రెండు పంటలకు ఉద్దేశించినది. దాని మీద రోజూ నడిస్తే నెలల్లోనే చిరిగి ముక్కలు మట్టిలో కలుస్తాయి. నేతగుడ్డలా ఉండే నల్లటి మందపు షీటు ఇంకా ఎక్కువ బాధ పెడుతుంది. హైదరాబాదులోని మా తోటికోడలి ఇంట్లో దాన్ని పరిచి మీద కంకర పోశారు. రెండేళ్ళలో కంకర సందుల్లో దుమ్మూ ఆకులూ చేరి మట్టి అయ్యాయి, ఆ మట్టిలో గరిక మొలిచి, వేళ్ళు షీటు నేతలోంచి కిందికి దిగాయి. పీకితే షీటు చిరుగుతుంది, పీకకపోతే గరిక పెరుగుతుంది. చివరికి కంకరతో సహా అంతా తోడి పారబోయవలసి వచ్చింది. అట్ట అయితే పని చేసినంత కాలం చేసి మట్టిలో కలిసిపోతుంది.

గడ్డిమందు కొట్టమని సలహా ఇచ్చేవారు మీకూ తటస్థపడి ఉంటారు. తినే కూరలకు రెండడుగుల దూరంలో మందు కొట్టడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. గ్లైఫోసేట్ అనే గడ్డిమందును ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లోనే క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిలో చేర్చింది; 2022 అక్టోబరులో మన కేంద్ర ప్రభుత్వం దాన్ని శిక్షణ పొందిన పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇతరులు వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. పారాక్వాట్ అనే మరో గడ్డిమందు ఒంట్లోకి పోతే విరుగుడే లేదు. పిల్లలు తిరిగే పెరట్లో అటువంటి సీసా ఉండటమే తప్పు.

గరికతో పాటు తుంగ ఉంటే మాత్రం కప్పు మీద అంత భరోసా పెట్టుకోకండి. తుంగ మొలక సూదిలా ఉంటుంది; నానిన అట్టనే కాదు, ప్లాస్టిక్ షీటును కూడా పొడుచుకుని వస్తుంది. దాని బలం ఎండలో కాక, మట్టి లోపల గొలుసుకట్టుగా ఉండే గడ్డల్లో ఉంది. మూడు వారాలకొకసారి, కొత్త గడ్డలు కట్టకముందే, మొలకలను లాగేస్తూ ఉంటే రెండేళ్ళకు గడ్డల్లోని నిలవ తరిగిపోతుంది. మా మడుల్లోకి తుంగ వచ్చినది ఒక నర్సరీ వారు పంపిన ట్రాక్టరు ఎర్రమట్టితో. మట్టి శుభ్రంగా ఉందని చెప్పి పోశారు. పిడికెడు నలిపి చూస్తే నల్లటి గడ్డలు కనిపించేవి, నేను చూడలేదు. డబ్బు తీసుకుని మట్టి అమ్మేవారు జల్లించి అమ్మాలి. కొనేవారు కూడా ట్రాక్టరు దించకముందే నాలుగు చోట్ల గుప్పెడేసి తీసి చూడాలి.

చెదల గురించి భయపడేవారు అట్ట కింద వేపపిండి చల్లుకోవచ్చు. తడి ఆరకుండా ఉన్నంత కాలం మాకు చెదలు రాలేదు. ఎండాకాలంలో దారి పూర్తిగా ఆరిపోయినప్పుడే పట్టాయి. తేళ్ళూ జెర్రులూ చేరే మాట నిజం, కాబట్టి డొక్కలు ఎత్తేటప్పుడు చేతితో కాక కర్రతో తిప్పి ఎత్తండి, చీకటి పడ్డాక చెప్పులు లేకుండా నడవకండి.

ప్రకృతి వ్యవసాయంలో ఆచ్ఛాదన, అంటే నేలను కప్పి ఉంచడం, అనే మాట మన ఊళ్ళలో ఇప్పుడు అందరికీ తెలుసు. 2016లో పద్మశ్రీ అందుకున్న సుభాష్ పాలేకర్ గారి శిబిరాలకు వెళ్ళివచ్చినవారు మా ఊళ్ళోనూ ఉన్నారు. అయినా వారి పెరళ్ళలో మడి మీద ఆకులు కప్పి ఉంటాయి, దారి మాత్రం బోడిగా ఉంటుంది. వాకిలి ఊడ్చినట్టు పెరడంతా నున్నగా ఊడ్చి ఉంటేనే శుభ్రమనుకునే అలవాటు మనలో బలంగా ఉంది. మా ఇంటికి వచ్చిన చుట్టాలు కూడా డొక్కలు పరిచిన దారులు చూసి చెత్త ఎత్తించుకోకూడదా అని అడుగుతారు. నేను వారిని మడి దగ్గరికి తీసుకువెళ్ళి, గోడ వారన చేయి పెట్టి చూడమంటాను.

కంచె అవతలి గరికను మాత్రం నేను ముట్టుకోను. గట్టు మట్టి జారకుండా పట్టి ఉంచేది అదే, వినాయక చవితి పూజకు దూర్వాయుగ్మం, అంటే జంట గరిక పోచలు, కోసుకునేదీ అక్కడే. మీరు వర్షాలకు ముందే అడిగారు కాబట్టి సమయం మించిపోలేదు. ఈ వారంలో గరిక కోసి, అట్టలు పరిచి, ఊక పోయించండి. మొదటి ముసురు విడిచిన మరునాడు కొడవలి పట్టుకుని మడి గోడల చుట్టూ ఒకసారి, కంచె వెంట ఒకసారి తిరగండి. ఆ రెండు చోట్లా కనిపించిన ప్రతి తీగనూ అక్కడికక్కడే తెంచి, మొదలు ఎటు ఉందో చూసుకోండి.