డిస్క్ ఉంది, బూట్ కావడం లేదు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్ర: డెస్క్‌టాప్ ఆన్ చేస్తే నల్ల తెర మీద ‘రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్’ అని వచ్చి ఆగిపోతోంది. రాత్రి షట్‌డౌన్ చేసేదాకా బాగానే ఉంది. ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ వేయాల్సిందేనంటున్నారు. తప్పదా?

జ: ఆ మాట అంటున్నది విండోస్ కాదు, మదర్‌బోర్డులోని బయోస్, అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే ముందుగా నడిచే చిన్న ప్రోగ్రాం. బూట్ చేయదగ్గ డిస్క్ ఏదీ తనకు దొరకలేదంటోంది. కథ ఇంకా విండోస్ దాకా వెళ్లనే లేదు. డిస్కే దొరకని చోట ఫార్మాట్ ఎక్కడ కొడతారు?

ముందు పెన్‌డ్రైవ్‌లు, ఎక్స్‌టర్నల్ డిస్క్, కార్డ్ రీడర్‌లో మరిచిపోయిన మెమరీ కార్డు అన్నీ పీకేసి ఒకసారి ఆన్ చేయండి. బయోస్ వాటి దగ్గరికే వెళ్లి ఉత్త చేతులతో తిరిగొస్తూ ఉండొచ్చు. అయినా మార్పు లేకపోతే, ఆన్ చేయగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ వరసగా నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లండి. అక్కడ డిస్క్ మోడల్ పేరు, సైజు సరిగ్గా కనిపిస్తున్నాయా లేదా అన్నది చూడాలి.

కనిపించకపోతే గొడవ కేబుల్, కరెంటు, డిస్క్, మదర్‌బోర్డు పోర్టు ఈ నాలుగింటిలోనే. షట్‌డౌన్ చేసి, ప్లగ్గు తీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. సాటా డిస్క్‌కు (డెస్క్‌టాప్‌లో కేబుళ్లతో కలిపే మామూలు డిస్క్‌కు) రెండు తీగలు వస్తాయి: 7 పిన్నుల సన్నది డేటాకు, 15 పిన్నుల వెడల్పుది పవర్‌కు. రెండూ తీసి మళ్లీ గట్టిగా పెట్టండి. డేటా కేబుల్‌కు లోహపు క్లిప్పు లేకపోతే వేడికి, వణుకుకు మెల్లగా వదులవుతుంది. తర్వాత వేరే డేటా కేబుల్, మదర్‌బోర్డు మీద వేరే పోర్టు, వేరే పవర్ కనెక్టర్ వాడి చూడండి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. మూడూ ఒకేసారి మారిస్తే పని జరుగుతుంది గానీ, తప్పు దేనిదో తేలదు.

ఈమధ్య కొత్తగా ఎం.2 ఎస్‌ఎస్‌డీ (కేబుల్ లేకుండా నేరుగా బోర్డులో గుచ్చే సన్నటి డిస్క్) పెట్టి ఉంటే మదర్‌బోర్డు మాన్యువల్ తిరగేయండి. చాలా బోర్డుల్లో ఎం.2 స్లాట్ నిండితే ఒకటి రెండు సాటా పోర్టులు వాటంతటవే ఆగిపోతాయి. డిస్క్ చచ్చిపోయిందనుకుని పారేసేముందు పోర్టు మార్చి చూడటం మంచిది.

పేరు పిచ్చి అక్షరాలుగా వచ్చినా, 1 టీబీ డిస్క్ సున్నా అని చూపించినా అది డిస్క్ లోపలి జబ్బు. సెట్టింగులతో కుదరదు.

పేరూ సైజూ సరిగ్గా ఉంటే బూట్ ఆర్డర్, అంటే బయోస్ దేన్ని ముందు వెతకాలన్న వరస, చూడండి. యూఈఎఫ్ఐ (బయోస్‌కు కొత్త తరం) మెషీన్లలో మొదటి స్థానంలో ఉండాల్సింది డిస్క్ పేరు కాదు, ‘విండోస్ బూట్ మేనేజర్’ అనే వరస. పనిలో పనిగా బయోస్‌లో తేదీ కూడా చూడండి. ఏళ్ల కిందటి తేదీ చూపిస్తోందంటే మదర్‌బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టే. అది 3 వోల్టుల బిళ్ల. అది పోతే చాలా బోర్డుల్లో ప్లగ్గు తీసిన ప్రతిసారీ సెట్టింగులు ఫ్యాక్టరీ స్థితికి పోతాయి, బూట్ ఆర్డర్‌తో సహా.

ప్ర: ఆ బ్యాటరీయే మార్చాను. ఇప్పుడు విండోస్ లోగో వస్తుంది, చుక్కలు తిరుగుతాయి, నీలం తెర మీద ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని వచ్చి రీస్టార్ట్ అవుతుంది. డిస్క్ పోయిందా?

జ: పోలేదు. లోగో దాకా వచ్చిందంటే బూట్ ఫైళ్లు చదవగలిగినట్టే. బ్యాటరీ తీసినప్పుడు సాటా మోడ్, అంటే డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి, మారిపోయి ఉంటుంది. విండోస్ వేసినప్పుడు అది రెయిడ్‌లో ఉండి ఇప్పుడు ఏహెచ్‌సీఐ అయినా, లేక అటుది ఇటైనా, బూట్ మొదట్లో కావాల్సిన డ్రైవర్ దొరక్క విండోస్ తన సొంత డిస్క్‌నే గుర్తుపట్టదు. బయోస్‌లో ఆ సెట్టింగ్ మునుపటిలా పెట్టండి. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌ల్లో ఇదే సంగతి వీఎండీ అనే పేరుతో ఉంటుంది.

కావాలనే ఏహెచ్‌సీఐకి మారాలంటే ముందు పాత మోడ్‌లో విండోస్‌లోకి వెళ్లి, ఎంఎస్‌కాన్ఫిగ్ అనే విండోస్ సెట్టింగుల టూల్‌లో బూట్ ట్యాబ్ కింద ‘సేఫ్ బూట్’ టిక్ పెట్టండి. రీస్టార్ట్ చేసి నేరుగా బయోస్‌కు వెళ్లి మోడ్ మార్చండి. సేఫ్ మోడ్‌లో ఒకసారి పైకొస్తే కావాల్సిన డ్రైవర్ దానంతటదే కుదురుకుంటుంది. ఆ టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేయాలి. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు, అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుండాలి. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ చేతిలో లేకుండా బయోస్ జోలికి వెళ్లకండి.

ప్ర: పాత హార్డ్ డిస్క్‌ను కొత్త ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేశాను. రెండూ ఉంటే బూట్ అవుతోంది. పాతది తీసేస్తే ‘నో బూటబుల్ డివైస్’ అంటోంది. ఫైళ్లన్నీ ఎస్‌ఎస్‌డీలో కనిపిస్తున్నాయి మరి.

జ: ఫైళ్లు వచ్చాయి, విండోస్‌ను మొదలుపెట్టే బూట్ లోడర్ రాలేదు. యూఈఎఫ్ఐ మెషీన్‌లో అది సి డ్రైవ్‌లో ఉండదు. సాధారణంగా 100 ఎంబీ ఉండే ఫ్యాట్32 పార్టిషన్‌లో విడిగా ఉంటుంది. దాన్నే ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అంటారు. క్లోన్ చేసేటప్పుడు సి ఒక్కటే ఎంచుకుంటే అది పాత డిస్క్‌లోనే ఉండిపోతుంది. మీ మెషీన్ ఇన్నాళ్లూ పాత డిస్క్‌లో బూట్ మొదలుపెట్టి నడుస్తోందన్నమాట.

పాత డిస్క్ కేబుల్ తీసేయండి. విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, మొదటి తెర రాగానే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. (కమాండ్లు ఇక్కడ తెలుగులో అచ్చవుతున్నా మీరు కొట్టాల్సింది ఇంగ్లిషులోనే.) ‘డిస్క్‌పార్ట్’ కొట్టి, ‘లిస్ట్ డిస్క్’ అనండి. ఎస్‌ఎస్‌డీ వరసలో జీపీటీ (డిస్క్‌ను పార్టిషన్లుగా విభజించే కొత్త పద్ధతి) అనే గడి కింద నక్షత్రం గుర్తు ఉందా చూడండి. ఉంటే ‘లిస్ట్ వాల్యూమ్’. విండోస్ ఉన్న వాల్యూమ్‌కు ఇక్కడ సి అక్షరమే ఉండాలని లేదు, డి కావచ్చు, ఈ కావచ్చు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. సైజు చూసి గుర్తుపట్టండి. డి అనే అనుకుందాం.

ఫ్యాట్32 చిన్న వాల్యూమ్ కనబడితే దాని నంబరుతో ‘సెలెక్ట్ వాల్యూమ్’, తర్వాత ‘అసైన్ లెటర్=జెడ్’. సైజు చూడకుండా ఫ్యాట్32 అని ఎంచుకోకండి, మీ పెన్‌డ్రైవ్ కూడా అదే అయి ఉండొచ్చు. అసలు ఆ వాల్యూమే లేకపోతే విండోస్ వాల్యూమ్‌ను సెలెక్ట్ చేసి ‘ష్రింక్ డిజైర్డ్=300’తో కాస్త చోటు చేయండి. ‘క్రియేట్ పార్టిషన్ ఈఎఫ్ఐ సైజ్=260’, ‘ఫార్మాట్ క్విక్ ఎఫ్ఎస్=ఫ్యాట్32’, ‘అసైన్ లెటర్=జెడ్’ ఇవి ఇదే వరసలో. ‘ఎగ్జిట్’ కొట్టి బయటికొచ్చి అసలు కమాండ్ ఇవ్వండి:

బీసీడీబూట్ డి:\విండోస్ /ఎస్ జెడ్: /ఎఫ్ యూఈఎఫ్ఐ

బూట్ ఫైళ్లు సృష్టించామన్న ఒక వాక్యం వస్తే పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేయండి. ఇంటర్నెట్‌లో ఎక్కువగా కనిపించే ‘బూట్‌రెక్ /ఫిక్స్‌బూట్’ యూఈఎఫ్ఐ మెషీన్లలో తరచూ ‘యాక్సెస్ ఈజ్ డినైడ్’ అంటుంది. దానితో కుస్తీ పట్టడం దండగ, పై కమాండ్ ఆ పని కూడా చేసేస్తుంది.

జీపీటీ గడిలో నక్షత్రం లేకపోతే డిస్క్ ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఉంది. విండోస్ 10లో 1703 వెర్షన్ నుంచి దాన్ని జీపీటీకి మార్చే ‘ఎంబీఆర్2జీపీటీ’ అనే టూల్ ఉంది. ‘ఎగ్జిట్’ కొట్టి బయటికొచ్చి, ముందు ‘ఎంబీఆర్2జీపీటీ /వ్యాలిడేట్ /డిస్క్:0’ కొట్టండి, మీ డిస్క్ నంబరు 0 కాకపోతే అది వేయండి. ఒప్పుకుంటే వ్యాలిడేట్ బదులు కన్వర్ట్. ఈఎఫ్ఐ పార్టిషన్ అదే తయారుచేస్తుంది. ప్రైమరీ పార్టిషన్లు మూడుకు మించి ఉంటే మొరాయిస్తుంది.

ప్ర: ఒక్కోసారి బూట్ అవుతుంది, ఒక్కోసారి చుక్కలు పావుగంట తిరిగి ‘డిస్క్ రీడ్ ఎర్రర్’ అంటుంది. లోపల నుంచి టిక్ టిక్ మని చప్పుడు. చెక్‌డిస్క్ /ఆర్ నడపమంటారా?

జ: వద్దు. ఆ కమాండ్ డిస్క్‌లోని ప్రతి సెక్టార్‌నూ చదువుతుంది, చదవలేని చోట మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. టిక్ టిక్ అంటున్న డిస్క్‌లో డేటా చదివే హెడ్ తన దారి వెతుక్కోలేక వెనక్కి వచ్చి తగులుతోంది. దానితో ఇంకో పదిగంటలు పరుగు తీయిస్తే ఉన్న డేటా కూడా పోతుంది. విండోస్‌ను బూట్ చేసే ప్రయత్నం కూడా మానేయండి.

చప్పుడు ఆగకుండా వస్తుంటే, డేటా విలువైనదైతే, వెంటనే ఆపేసి రికవరీ నిపుణులకు ఇవ్వడమే. అప్పుడప్పుడే అయితే లైనక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) బూట్ చేసి ముందు స్మార్ట్ లెక్కలు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునేవి, చూడండి. 5, 197, 198 నంబర్ల రా వాల్యూ పెరుగుతోందంటే సెక్టార్లు పాడవుతున్నాయి. 199 ఒక్కటే పెరుగుతుంటే నేరం చాలావరకు డేటా కేబుల్‌ది, డిస్క్‌ను తిట్టకండి. ఆ తర్వాత అంతకంటే పెద్ద డిస్క్‌లోకి ‘డీడీరెస్క్యూ’ అనే టూల్‌తో కాపీ చేయండి. ఎంతవరకు కాపీ అయిందో రాసుకునే మ్యాప్ ఫైల్ తప్పకుండా ఇవ్వండి. మధ్యలో డిస్క్ ఆగిపోయినా మళ్లీ అక్కడి నుంచే అందుకుంటుంది. అది చదవడానికి వీలైన భాగాన్ని ముందు లాగేసి, మొండి సెక్టార్లను చివరికి వదులుతుంది. మీకు కావాల్సింది అదే. రిపేర్లు ఏవైనా ఉంటే కాపీ మీదే చేసుకోండి.

ఇక డిస్క్‌ను ఫ్రీజర్‌లో పెట్టే చిట్కా గురించి: బయటికి తీశాక చెమ్మ పడుతుంది. పెట్టకండి.

ప్ర: లైనక్స్ పార్టిషన్ డిలీట్ చేశాను. ఇప్పుడు ‘గ్రబ్ రెస్క్యూ’ అని నల్ల తెర. విండోస్ ఎలా?

జ: విండోస్ క్షేమమే. లైనక్స్‌తో వచ్చిన బూట్ లోడర్ గ్రబ్ తన మిగతా ఫైళ్లు దొరక్క అరుస్తోంది. యూఈఎఫ్ఐ అయితే బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ను పైకి తెస్తే చాలు. పాత ఎంబీఆర్ డిస్క్ అయితే విండోస్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో ‘బూట్‌రెక్ /ఫిక్స్‌ఎంబీఆర్’. అది మొదటి సెక్టార్‌లోని బూట్ కోడ్‌ను మారుస్తుందే తప్ప అక్కడే ఉన్న పార్టిషన్ టేబుల్‌ను ముట్టుకోదు.