డిస్క్ సాధనాలకు ఒకదాని సంగతి మరొకదానికి తెలియకపోవడమే అసలు లోపం

లినక్స్‌లో పార్టిషన్లకు (డిస్కును భాగాలు చేయడానికి) ఒక సాధనం, రెయిడ్‌కు (అనేక డిస్కులను ఒకటిగా నడపడానికి) ఒకటి, ఎల్‌వీఎమ్‌కు (డిస్కుల స్థలాన్ని కలిపి కావలసినట్టు పంచడానికి) మరొకటి, ఫైల్ సిస్టమ్‌కు (ఆ స్థలంలో ఫైళ్ళను అమర్చడానికి) ఇంకొకటి ఎందుకు, అన్నిటినీ కలిపి ఒకే సాధనం చేస్తే నష్టమేమిటి అని మీరు అడిగారు. నష్టం లేదు సరికదా, ఈ పని ఎప్పుడో జరగవలసింది. అయితే కమాండ్ల సంఖ్య తగ్గుతుందన్న కారణంతో నేను ఈ మాట అనడం లేదు. ఒక సాధనం కట్టుకున్న ఇంటిని మరొక సాధనం ఖాళీ స్థలమని చూపిస్తే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను.

2022 ఫిబ్రవరిలో, 16 నుంచి 19 వరకు మేడారం జాతర జరిగింది. హనుమకొండలో నేను కంప్యూటర్లు చూసుకునే ఒక ఫోటో స్టూడియో వారు జాతర వీడియో తీస్తున్నారు. ప్రతి రాత్రి మెమరీ కార్డులు హనుమకొండకు వచ్చేవి, సర్వర్‌లోకి కాపీ అయ్యేవి, చెరిపివేసి తెల్లవారేసరికి మళ్ళీ మేడారం పంపేవారు. అంటే ఆ వీడియోకు సర్వర్‌లో ఉన్నది తప్ప మరొక ప్రతి లేదు. సర్వర్‌లో రెండు 4 టెరాబైట్ల డిస్కులను ఎల్‌వీఎమ్‌తో ఒకే వాల్యూమ్ గ్రూప్‌గా కలిపి, దానిపై ఎక్స్‌ట్‌4 ఫైల్ సిస్టమ్ పెట్టింది నేనే. డిస్కులపై పార్టిషన్లు చేయకుండా మొత్తం డిస్కునే నేరుగా ఎల్‌వీఎమ్‌కు అప్పగించాను. అలా చేయడం పూర్తిగా చెల్లుతుంది, ఎల్‌వీఎమ్ దానికి అభ్యంతరం చెప్పదు.

17వ తేదీన సమ్మక్క గద్దెకు చేరిన రాత్రి, వచ్చిన వీడియోతో స్థలం నిండిపోయింది. అక్కడ ఎడిటింగ్ చేసే కుర్రవాడు అదే పరిమాణం గల మూడవ డిస్కును బిగించి మిషన్ ఆన్ చేశాడు. డిస్కులకు ఎస్‌డీబీ, ఎస్‌డీసీ వంటి పేర్లు అవి గుర్తింపుకు వచ్చిన వరుసను బట్టి పడతాయి కనుక ఈసారి కొత్త డిస్కు మధ్యలోకి వచ్చి, పాతవాటిలో ఒకటి చివరికి పోయింది. చివరిదే కొత్తదని అతడు అనుకున్నాడు. అయినా జాగ్రత్తగానే జీడిస్క్ అనే పార్టిషన్ సాధనంతో తెరిచి చూశాడు. ఎమ్‌బీఆర్ లేదు, బీఎస్‌డీ లేదు, ఏపీఎమ్ లేదు, జీపీటీ లేదు అని, అంటే తనకు తెలిసిన నాలుగు రకాల పార్టిషన్ పట్టికలలో (ఏ భాగం ఎక్కడుందో చెప్పే జాబితాలలో) ఏదీ లేదని, ఆ సాధనం నాలుగు వరుసలలో చెప్పింది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. కానీ ఎల్‌వీఎమ్ ఉన్నదా అని అది వెతకనే లేదు. జాతరతో నిండిన డిస్కు, అప్పుడే అట్టపెట్టెలోంచి తీసిన డిస్కు, రెండూ దాని కంటికి ఒకే విధంగా ఖాళీగా కనిపించాయి. అతడు కొత్త పార్టిషన్ పట్టిక రాశాడు. కెర్నల్ (లినక్స్ మూలభాగం) ఇంకా పాత పట్టికనే వాడుతున్నదని హెచ్చరిక వచ్చింది. ఫార్మాట్ చేయబోతే పార్టిషన్ కనిపించలేదు. అందుకని రీబూట్ చేశాడు. వాల్యూమ్ గ్రూప్‌లో ఒక డిస్కు కనిపించక మిషన్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోయింది.

తెల్లవారుజామున యజమాని ఫోన్ చేశారు. "తమ్మీ, సమ్మక్క గద్దెకొచ్చిన వీడియో అన్న ఉన్నదా, మొత్తం పోయిందా?" అని అడిగారు. ఆ కంఠం నాకు ఇప్పటికీ గుర్తుంది. మళ్ళీ తీద్దామంటే రెండేళ్ళు ఆగవలసిన జాతర అది.

అదృష్టవశాత్తు ఫార్మాట్ జరగలేదు. జీపీటీ పట్టిక డిస్కు మొదట 34 సెక్టార్లు (512 బైట్ల గడులు), అంటే 17,408 బైట్లు ఆక్రమిస్తుంది. ఎల్‌వీఎమ్ తన గుర్తును రెండవ సెక్టార్‌లోనే పెట్టుకుంటుంది కనుక అది చెరిగిపోయింది, దాని వెనుక ఉండే, ఏ ముక్క ఎక్కడుందో చెప్పే లెక్కలూ చెరిగిపోయాయి. కానీ అసలు సమాచారం సాధారణంగా ఒక మెబీబైట్ (దాదాపు పది లక్షల బైట్లు) దాటిన తరువాతే మొదలవుతుంది. జీపీటీ తన రెండవ ప్రతిని డిస్కు చివర రాస్తుంది. ఎల్‌వీఎమ్ స్థలాన్ని 4 మెబీబైట్ల ముక్కలుగా కొలుస్తుంది కనుక చివర మిగిలిన అరకొర భాగంలోనే ఆ ప్రతి పడింది. ఎల్‌వీఎమ్ ప్రతి మార్పు తరువాత తన లెక్కలను, సిస్టమ్ సెట్టింగులు ఉండే ఈటీసీ డైరెక్టరీ కింద ఒక ఫైల్‌గా దాచుకుంటుంది, సిస్టమ్ వేరే ఎస్‌ఎస్‌డీపై ఉన్నందున ఆ ఫైల్ భద్రంగా ఉంది. జీపీటీ గుర్తులను వైప్‌ఎఫ్‌ఎస్ కమాండ్‌తో తుడిచి, పాత యూయూఐడీతోనే (డిస్కు గుర్తింపు సంఖ్యతోనే) పీవీక్రియేట్ కమాండ్‌తో ఎల్‌వీఎమ్ గుర్తును మళ్ళీ పెట్టి, వీజీసీఎఫ్‌జీరిస్టోర్ కమాండ్‌తో లెక్కలు తిరిగి ఎక్కించి, ముందు దేనినీ మార్చకుండా ఫైల్ సిస్టమ్‌ను తనిఖీ చేసి చూశాను. ఒక్క ఫైల్ కూడా పోలేదు.

ఆ కుర్రవాడిని ఆ ఉదయం అందరూ తిట్టారు. నేను తిట్టలేదు. పహాణీలో ఒకరి పేరు, రిజిస్ట్రేషన్ కాగితంలో మరొకరి పేరు ఉన్నప్పుడు భూమి కొన్నవాడిని తప్పుపట్టి లాభం లేదు. డిస్కు పరిమాణం విషయంలో కూడా ఇదే అవ్యవస్థ కొనసాగుతున్నది. ఒకే డిస్కును పార్టెడ్ అనే సాధనం 4001 గిగాబైట్లు అంటుంది, ఎల్‌ఎస్‌బీఎల్‌కే అనేది 3.6టీ (టెరాబైట్లు) అంటుంది, పీవీఎస్ అనేది 3.64 అంటుంది. ఒకటి వేయితో, మిగిలినవి 1024తో భాగిస్తాయని కొత్తవారికి ఎవరు చెప్పాలి? శిక్షణా కేంద్రాలలో కమాండ్లను బట్టీ పట్టిస్తారు గాని, ఏ కమాండ్ దేనిని చూడలేదో చెప్పరు. ఇది నాకు చాలాకాలంగా ఉన్న బాధ.

ఏకీకరణ అసాధ్యమని వాదించేవారు సన్ సంస్థ రూపొందించి 2005లో ఓపెన్‌సోలారిస్ ద్వారా బయటపెట్టిన జెడ్‌ఎఫ్‌ఎస్‌ను చూడాలి. అందులో డిస్కుల సమూహానికి జెడ్‌పూల్, ఫైల్ సిస్టమ్‌లకు జెడ్‌ఎఫ్‌ఎస్ అని రెండే కమాండ్లు, లెక్క మాత్రం ఒక్కటే. లినక్స్‌లో ఐబీఎమ్ వారి ఈవీఎమ్‌ఎస్ ఇటువంటి ప్రయత్నమే చేసింది. 2002లో కెర్నల్ దాని బదులు డివైస్ మ్యాపర్‌ను (ఎల్‌వీఎమ్ కింద పనిచేసే భాగాన్ని) స్వీకరించింది. రెడ్ హ్యాట్ వారి స్ట్రాటిస్ అదే డివైస్ మ్యాపర్‌ను, ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌ను కింద ఉంచి, పైన ఒక డీమన్‌తో (వెనుక నిరంతరం నడిచే ప్రోగ్రామ్‌తో) అన్నిటినీ నడుపుతుంది. చిన్న సాధనాలు ఒక్కొక్క పని చేయడమే యూనిక్స్ సంప్రదాయమంటారు, దానితో నాకు తగవు లేదు. కానీ రాసే ముందు అవన్నీ ఒకే చిట్టాను చూడాలి. ఇప్పటి ఎఫ్‌డిస్క్ అనే పార్టిషన్ సాధనం డిస్కుపై ఎల్‌వీఎమ్ గుర్తు ఉంటే, రాస్తే అది చెరిగిపోతుందని ముందే చెబుతుంది. నేను కోరే ఏకీకరణ అక్కడ మొదలవుతుంది. పాత సాధనాలపై ఒక అందమైన కిటికీ అతికించినంత మాత్రాన అది ఏకీకరణ కాదు.

అంతవరకు మీరు ఎల్‌వీఎమ్ వాడితే మొత్తం డిస్కును నేరుగా ఇవ్వకండి. ముందుగా జీపీటీ చేసి, జీడిస్క్‌లో 8ఈ00 రకం (ఎల్‌వీఎమ్‌దని తెలిపే) పార్టిషన్ పెట్టి, దానిని ఇవ్వండి. అప్పుడు పార్టిషన్ సాధనాలన్నిటికీ అక్కడ ఎవరో ఉన్నారని తెలుస్తుంది. డిస్కును ఎస్‌డీబీ వంటి అక్షరాల పేరు బట్టి కాక సీరియల్ నంబర్ బట్టి గుర్తించండి. ఎల్‌వీఎమ్ లెక్కల ఫైళ్ళ ప్రతిని వేరే మిషన్‌లో ఉంచండి. స్టూడియోలో ఆ మూడు డిస్కులనూ జాతర ముగిసిన వారంలోనే ఈ పద్ధతికి మార్చాను.