పాసేజ్ అర్థమవుతోంది, జవాబే తప్పుతోంది!

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం సీఈసీ చదువుతోంది. పదో తరగతి వరకు తెలుగు మీడియం. సీయూఈటీ రాసి సెంట్రల్ యూనివర్సిటీలో డిగ్రీ చేయాలని పట్టుదలగా ఉంది. మిగతా సబ్జెక్టులు ఫర్వాలేదు గానీ, మాక్ టెస్టుల్లో ఇంగ్లిష్ పాసేజ్‌ల దగ్గర మార్కులు పోతున్నాయి. 'పాసేజ్ అర్థమైంది నాన్నా, చివరికి రెండు ఆప్షన్లు మిగిలితే తప్పుదే పెట్టా' అంటుంది. రోజూ ఇంగ్లిష్ పేపర్ చదవమని లెక్చరర్ చెబితే వారం చదివి మానేసింది. స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులో చేర్పించమంటారా? నాకు ఇంగ్లిష్ అంతంత మాత్రమే. ఇంట్లో నేను చేయగలిగింది ఏమైనా ఉందా?
- ఒక తండ్రి

జవాబు: స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సు ఇప్పుడు వద్దండి. డిగ్రీలో చేరాక నేర్చుకోవచ్చు, అప్పుడు పనికొస్తుంది కూడా. ఈ పరీక్షలో మాట్లాడే పని లేదు, రాసే పని లేదు. చదివి, నాలుగింట్లో ఒకటి ఎంచుకోవాలి, అంతే. అమ్మాయి చెప్పిన మాటే అసలు రోగాన్ని పట్టిస్తోంది. రెండు ఆప్షన్ల దాకా వచ్చి తప్పుతోందంటే ఇంగ్లిష్ బొత్తిగా రాక కాదు. ఇంగ్లిష్ రాకపోతే నాలుగూ ఒకేలా కనిపించేవి. ఆఖరి మెట్టు దగ్గర పాసేజ్‌ను వదిలేసి సొంత ఆలోచనతో జవాబు పెడుతోంది. చాలామంది పిల్లలు పప్పులో కాలేసేది ఇక్కడే.

ముందు పరీక్ష సంగతి చూద్దాం. సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీ ప్రవేశాల కోసం పెట్టే సీయూఈటీ (యూజీ)ని 2022 నుంచి నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ (ఎన్‌టీఏ) నిర్వహిస్తోంది. 2025లో వచ్చిన పద్ధతి ప్రకారం ప్రతి సబ్జెక్టుకూ 50 ప్రశ్నలు, 60 నిమిషాలు. ఛాయిస్ లేదు. సరైన జవాబుకు 5 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. పరీక్ష పూర్తిగా కంప్యూటర్ మీదే. అంతకు ముందు కొన్ని ప్రశ్నలు వదిలేసే వీలుండేది కాబట్టి, పాత మెటీరియల్ కొన్నట్లయితే అందులో లెక్క వేరేగా ఉంటుంది, కంగారు పడకండి. మీ అమ్మాయి రాసే ఏడాది ఇన్ఫర్మేషన్ బులెటిన్ రాగానే ఈ వివరాలు ఒకసారి సరిచూసుకోండి. ఇంగ్లిష్ సిలబస్‌లో మూడు రకాల పాసేజ్‌లు ఉంటాయి: సమాచారం ఇచ్చేవి, కథనంగా సాగేవి, సాహిత్యానికి చెందినవి. ఒక్కోటి గరిష్ఠంగా 300 నుంచి 350 పదాలు. వీటితో పాటు పర్యాయపదాలు, వ్యతిరేకపదాలు, వాక్యాలను వరుసలో పెట్టడం లాంటివి.

ఇంకో మాట. సీయూఈటీలో భాషా పరీక్ష రాయడానికి ఉన్న 13 భాషల్లో తెలుగు కూడా ఉంది. అయితే అన్ని కోర్సులకూ తెలుగు చెల్లుతుందని గంపగుత్తగా అనుకోవద్దు. యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్ కావచ్చు, అనంతపురంలోని సెంట్రల్ యూనివర్సిటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ కావచ్చు, ఢిల్లీ యూనివర్సిటీ కావచ్చు, మీరు అనుకుంటున్న కోర్సుకు ఏ భాష, ఏ సబ్జెక్టులు అడుగుతున్నారో ఆయా వర్సిటీ వెబ్‌సైట్‌లో చూసే దరఖాస్తు పెట్టండి. ఇంగ్లిష్ తప్పనిసరైతే కింద చెప్పేదంతా అవసరం.

ఇక ఆ 'రెండు ఆప్షన్ల' గొడవకు వద్దాం. నేనే ఒక చిన్న పాసేజ్ అల్లి, దాని సారం తెలుగులో చెబుతాను. 'నగరాల్లో మేడల మీద తేనెటీగలను పెంచడం ఈమధ్య ఎక్కువైంది. దీనివల్ల తేనెటీగల జాతిని కాపాడినట్టవుతుందని పెంచేవాళ్లు నమ్ముతారు. అయితే పెంపుడు తేనెటీగలు మరీ ఎక్కువైతే, అవే పూల మీద ఆధారపడే అడవి తేనెటీగలకు ఆహారం తగ్గవచ్చని కొందరు పరిశోధకులు అంటున్నారు.' ప్రశ్న: పై పాసేజ్ ఆధారంగా ఏది సరైనది?

ఒకటి: నగరాల్లో తేనెటీగల పెంపకాన్ని నిషేధించాలి. రెండు: పంటల దిగుబడికి తేనెటీగలు చాలా ముఖ్యం. మూడు: పెంపుడు తేనెటీగలు అడవి తేనెటీగలకు ఆహారం లేకుండా చేస్తాయి. నాలుగు: తేనెటీగల పెంపకం అన్ని రకాల తేనెటీగలకూ మేలు చేయకపోవచ్చు.

మొదటిది ఎవరైనా కొట్టేస్తారు, నిషేధం మాట రచయిత ఎత్తనే లేదు. రెండోది చూడండి, అది నిజం. సైన్స్ పుస్తకంలో చదువుకున్నదే. కానీ ఈ పాసేజ్‌లో లేదు, కాబట్టి జవాబు కాదు. బాగా చదివే పిల్లలే దీనికి ఎక్కువగా దొరికిపోతారు, ఎందుకంటే వాళ్లకు నిజాలు ఎక్కువ తెలుసు. మిగిలినవి మూడు, నాలుగు. మీ అమ్మాయి ఆగిపోయే చోటు ఇదే. మూడో ఆప్షన్‌లో పాసేజ్‌లోని మాటలన్నీ ఉన్నాయి: పెంపుడు, అడవి, ఆహారం. చూడగానే చూపు అక్కడికే పోతుంది. కానీ పాసేజ్ చెప్పింది 'తగ్గవచ్చు' అని, అదీ 'మరీ ఎక్కువైతే', అదీ 'కొందరు' అంటున్నారు. మూడో ఆప్షన్ ఈ మూడింటినీ మింగేసి 'లేకుండా చేస్తాయి' అని తేల్చేసింది. నాలుగో దాంట్లో పాసేజ్ మాటలు తక్కువే కనిపిస్తాయి, కానీ భావం సరిగ్గా అదే. జవాబు నాలుగు.

ఇంగ్లిష్‌లో ఈ పని చేసే మాటలు చిన్నచిన్నవి. మే, మైట్, సమ్, మెనీ, ఆఫెన్ అన్నవి రచయిత తగ్గి మాట్లాడుతున్నాడని చెబుతాయి. ఆల్, ఓన్లీ, ఆల్వేస్, నెవర్ అన్నవి గట్టిగా తేల్చేవి. పాసేజ్‌లో మొదటి రకం ఉండి, ఆప్షన్‌లో రెండో రకం కనిపిస్తే అనుమానించాలి. అలాగని 'ఓన్లీ' కనబడగానే కళ్లు మూసుకుని కొట్టేయమని చెప్పే చిట్కాలు నమ్మవద్దు. పాసేజ్‌లోనే రచయిత 'ఓన్లీ' అని ఉంటే అదే సరైన జవాబు అవుతుంది. హవెవర్, బట్, యెట్ అన్న మాటల దగ్గర మాత్రం తప్పకుండా ఆగాలి. రచయిత అసలు చెప్పదలచుకున్నది చాలాసార్లు వాటి తర్వాతే మొదలవుతుంది. ప్రశ్నలోనే నాట్, ఎక్సెప్ట్ ఉంటే సరేసరి. అది చూసుకోక, సరైన వాక్యాన్ని వెతికి సంతోషంగా తప్పు జవాబు పెట్టి వచ్చేవాళ్లు ప్రతి ఏడాదీ తగులుతూనే ఉంటారు.

ఇప్పుడు ప్రాక్టీసు. రోజుకు పది పాసేజ్‌లు చేసి, 'కీ' చూసి, మార్కులు వేసుకుని పక్కన పెట్టేస్తే నెల తర్వాత కూడా అవే మార్కులు వస్తాయి. రోజుకు రెండే చేయమనండి. మొదట్లో టైమర్ పెట్టవద్దు. పాసేజ్ చదవగానే, ఆప్షన్లు చూడకుండా, రచయిత ఏమంటున్నాడో ఒక్క వాక్యంలో తెలుగులోనే రాయాలి. తెలుగులో రాస్తే ఇంగ్లిష్ ఎలా వస్తుందని అడిగేవాళ్లున్నారు. ఇక్కడ చూస్తున్నది అర్థమైందా లేదా అని. అది అమ్మభాషలోనే దాచుకోకుండా బయటపడుతుంది. తర్వాత ప్రతి జవాబుకూ పాసేజ్‌లో ఆధారమైన వాక్యం కింద గీత గీయాలి. గీయడానికి వాక్యం దొరకలేదంటే ఆ జవాబు తన తలలోంచి వచ్చిందన్నమాట. మిగతా మూడు ఆప్షన్లు ఎందుకు కావో ఒక్కో ముక్క రాయాలి: 'పాసేజ్‌లో లేదు', 'మరీ గట్టిగా చెప్పింది', 'నిజమే కానీ వేరే ప్రశ్నకు జవాబు'. ఈ మూడోది సారాంశం, శీర్షిక అడిగే ప్రశ్నల్లో ఎక్కువ. పాసేజ్‌లో ఒక మూలనున్న వివరాన్ని తెచ్చి ఇదే సారాంశం అంటారు. వివరం నిజమే, సారాంశం మాత్రం కాదు.

ఇలా చేస్తే రెండు పాసేజ్‌లకే గంట పడుతుంది, విసుగొస్తుంది. ఆ విసుగుకు ఓర్చుకున్నవాళ్లకే మార్కులు కదులుతాయి. తప్పైన ప్రతి ప్రశ్నకూ కారణం ఒక నోటుబుక్కులో రాసుకుంటే, మూడు వారాలకల్లా తను ఎక్కువగా ఏ రకం వలలో పడుతోందో తనకే తెలిసిపోతుంది. ఒకరికి 'మరీ గట్టి' ఆప్షన్లు, మరొకరికి సారాంశం ప్రశ్నలు. అక్కడ నుంచి సాధన దాని మీదే.

తెలుగు మీడియం పిల్లలకు ఇంకో చిక్కు ఉంటుంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, ఇంగ్లిష్‌లో మధ్యలోనే వచ్చేస్తుంది. పైగా కర్తకూ క్రియకూ మధ్య హూ, విచ్, దట్ పెట్టి నాలుగు విషయాలు దూరుస్తారు. పదం పదం తెలుగులోకి మార్చుకుంటూ పోతే సగంలోనే దారి తప్పుతాం. పొడుగు వాక్యం వస్తే ముందు ఎవరు, ఏం చేశారు అన్న రెండూ పట్టుకోమనండి. మధ్యలోని ముక్కను వేలితో మూసి చదివితే వాక్యం తేలికైపోతుంది. ఆ తర్వాత వేలు తీసి మొత్తం చదవాలి.

తెలియని పదం రాగానే ఫోన్‌లో డిక్షనరీ తీయడం మాన్పించండి. ముందూ వెనకా చూసి అర్థం ఊహించాలి, ఊహ కాగితం మీద పెట్టాలి, పాసేజ్ పూర్తయ్యాకే సరిచూసుకోవాలి. తెలిసిన పదాలతోనూ జాగ్రత్త అవసరం. 'అడ్రస్' అనగానే మనకు ఇంటి నంబరు గుర్తొస్తుంది. పాసేజ్‌లో ప్రభుత్వం ఒక సమస్యను 'అడ్రస్' చేసిందంటే దాన్ని పరిష్కరించే పనిలో పడిందని. పదానికి అర్థం అడిగినప్పుడు ఒక్కో ఆప్షన్‌నూ ఆ వాక్యంలో పెట్టి చదివితే చాలావరకు తేలిపోతుంది.

పేపర్ చదవడం మానేసిందన్నారు. ఆశ్చర్యం లేదు. అలవాటు లేనివాళ్లు నేరుగా ఇంగ్లిష్ సంపాదకీయంతో మొదలుపెడితే, భాషా కొత్తే, విషయమూ కొత్తే. తెలిసిన విషయంతో మొదలుపెట్టించండి. సీఈసీ కాబట్టి ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతుల ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ పుస్తకాలు ఇంగ్లిష్‌లో చదవమనండి. విషయం సగం తెలుసు కాబట్టి భాష మీద దృష్టి నిలుస్తుంది, పైగా ఆ సబ్జెక్టులకూ అది ప్రిపరేషనే. కథలు, సాహిత్యం కోసం అదే తరగతుల ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాలు చాలు. ఇవన్నీ ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒకటి రెండు నెలల తర్వాత పేపర్ మళ్లీ తీయమనండి. అప్పుడు కూడా పేజీలన్నీ అక్కర్లేదు, ఒక్క వ్యాసం చాలు.

సమయం విషయానికొస్తే, 60 నిమిషాల్లో 50 ప్రశ్నలంటే సగటున ఒక్కోదానికి 72 సెకన్లు. పర్యాయపదాల లాంటివి అంత తీసుకోవు. అక్కడ మిగిలింది పాసేజ్‌లకు ఖర్చు పెట్టుకోవచ్చు. నిమిషానికి 150 పదాలు చదవగలిగితే 300 పదాల పాసేజ్ రెండు నిమిషాల్లో అయిపోతుంది. సమాచారం ఇచ్చే పాసేజ్‌కు ముందు ప్రశ్నలు (ఆప్షన్లు కాదు) ఒకసారి చూసి చదవడం లాభం. కథ, సాహిత్యం అయితే ముందు పాసేజ్ మొత్తం చదవాల్సిందే. 'మొదటి లైను, చివరి లైను చదివితే చాలు' అన్న కోచింగ్ చిట్కా అక్కడ నిలువునా ముంచుతుంది. టైమర్ పెట్టడం మొదలుపెట్టాక ప్రాక్టీసు స్క్రీన్ మీదే చేయాలి. స్క్రీన్ మీద పెన్సిల్‌తో గీత గీయలేం, ఆ తేడాకు కళ్లు ముందే అలవాటు పడాలి. ఎన్‌టీఏ వెబ్‌సైట్‌లో ఉచిత మాక్ టెస్టులు ఉంటాయి.

నెగెటివ్ మార్కుల టెన్షన్ గురించి కూడా చెప్పాలి. రెండు ఆప్షన్లు కచ్చితంగా తప్పని తేలి, రెండు మిగిలితే వదిలేయవద్దు. సరైతే 5 వస్తాయి, తప్పితే 1 పోతుంది. అలాంటివి పది పెట్టి అయిదు తప్పినా, 25 వచ్చి 5 పోయి, 20 మార్కులు మిగులుతాయి.

మీరేం చేయగలరని అడిగారు. చాలా చేయగలరు, దానికి ఇంగ్లిష్ అక్కర్లేదు. సాయంత్రం 'ఎన్ని కరెక్టయ్యాయి?' అని అడగకండి. నోటుబుక్కులోంచి ఒక తప్పు తీయించి, 'నువ్వు పెట్టింది ఎందుకు కాదో నాకు తెలుగులో చెప్పమ్మా' అనండి. పాసేజ్‌లో ఏముందో, ఆప్షన్‌లో ఏముందో తను మీకు విడమరచి చెప్పాలి. మీకు అర్థం కాకపోతే మళ్లీ అడగండి. తను నీళ్లు నమిలితే, ఆ పాసేజ్ తనకూ ఇంకా పూర్తిగా అర్థం కాలేదన్నమాట. మర్నాడు మళ్లీ చేయమనండి. మార్కుల కోసం మందలిస్తే మాత్రం తప్పులు దాచడం మొదలవుతుంది.

ఇలా ఆరు వారాలు చేశాక నోటుబుక్కు తిరగేయండి. కారణాల్లో ఎక్కువ చోట్ల 'అసలు వాక్యమే అర్థం కాలేదు' అని ఉంటే, అప్పుడు గ్రామర్ చెప్పేవాళ్ల సాయం తీసుకోండి. కాలాలు, కర్మణి ప్రయోగం, హూ-విచ్ వాక్యాలు, ఈ మూడూ చెప్పించుకుంటే చాలు. ఆ నోటుబుక్కును వెంట తీసుకెళ్లమనండి, ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్లకూ తెలుస్తుంది.