గాలివాటం చూసుకొని మారిషస్ తిరగండి

చి॥ సౌ॥ సుధకు,

అత్తయ్య ఆశీస్సులు. మే నెలలో పిల్లలనూ మీ అత్తగారినీ వెంటబెట్టుకొని మారిషస్ వెళ్తున్నామని నువ్వు పంపిన పట్టిక చదివాను. రోజుకు మూడు చోట్లు, ఒక్కో చోట రెండు గంటలు, మధ్యలో 'భోజనం' అని ఒక ఇరుకు గడి. మంత్రిగారి సుడిగాలి పర్యటన కూడా ఇంతకన్నా తీరుబడిగా ఉంటుంది. మీ మామయ్య ఉద్యోగం పుణ్యమా అని ఆ దేశంలో కాపురం చేసినదాన్ని కాబట్టి చొరవ తీసుకొని చెబుతున్నాను. అక్కడ రోజును గాలిని బట్టి వేసుకోవాలి. నీళ్ళలో ఎప్పుడు దిగాలి, పడవ ఏ రోజు ఎక్కాలి, ఏ పూట ఏం తినాలి అన్నవన్నీ గాలి సంగతి తెలిస్తే వాటంతట అవే తేలతాయి.

మారిషస్ భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది. మన దగ్గర రోహిణి ఎండలు రాళ్ళు పగలగొట్టే వేళకు అక్కడ చలికాలం మొదలవుతుంది. చలి అనగానే కంగారుపడి స్వెట్టర్లు సర్దకు, మన విశాఖలో జనవరి మధ్యాహ్నానికి ఎలాంటి బట్టలు వేసుకుంటామో అవే సరిపోతాయి. చూసుకోవలసింది ఆగ్నేయం నుంచి వీచే వ్యాపార పవనాలను. ఏడాది పొడుగునా ఉండేవే అయినా, మే నుంచి వాటి జోరు పెరుగుతుంది. అవి ముందుగా తాకేది తూర్పు తీరాన్ని. నువ్వు ఫోటోలు చూసి మోజుపడిన బెల్ మార్ సరిగ్గా ఆ తీరంలోనే ఉంది. నవంబరు, డిసెంబరు ఉక్కపోతలో అయితే ఆ గాలికే అక్కడ ఉండమనేదాన్ని. మే నెలాఖరులో మాత్రం ఇసుక కళ్ళల్లో పడుతుంది, నీళ్ళు కదిలి మసకబారతాయి, ఒడ్డుకు రాగానే పిల్లలు వణుకుతారు. ద్వీపం నడుమ ఉన్న కొండలు అడ్డం ఉండటంతో పడమర తీరం, వాయవ్య తీరం అప్పుడు నిలకడగా ఉంటాయి. ట్రూ ఓ బిష్, మోన్ శ్వాజీ, కాస్త కిందికి వస్తే ఫ్లిక్ ఆన్ ఫ్లాక్. వీటిలో ఏదో ఒక చోట బస మార్చుకో. ద్వీపం చిన్నదే, పొడవు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు 45. తూర్పు చూడాలనిపిస్తే గాలి తగ్గిన రోజున పొద్దున్నే కారులో వెళ్ళి సాయంత్రానికి వచ్చేయవచ్చు. అక్కడా మనలాగే రోడ్డుకు ఎడమ పక్కనే నడుపుతారు, అల్లుడికి ఇబ్బంది ఉండదు.

ఇప్పుడు నీళ్ళ సంగతి. ద్వీపం చుట్టూ దాదాపు అంతటా పగడపు దిబ్బ కోటగోడలా ఉంది. సముద్రపు కెరటాలు దాని మీదే విరిగిపోతాయి. లోపలి నీళ్ళు చెరువులా ఉంటాయి, కళ్ళకు మాస్కు, నోట్లో గొట్టం పెట్టుకొని తేలుతూ నీళ్ళ అడుగు చూసే స్నార్కెలింగ్ అంతా ఇక్కడే. ఒడ్డున నిలబడితే దూరంగా తెల్లని నురగ గీత కనిపిస్తుంది, అదే దిబ్బ. ఆ గీత ఎక్కడైనా తెగినట్టుంటే అది పడవలు వెళ్ళే దారి. లోపలి నీరు అక్కడి నుంచే బయటికి లాగుతుంది. మంచి ఈతగాళ్ళయినా ఆ దారి చుట్టుపక్కలకు పోకూడదు. ఈతకు కేటాయించిన చోట తేలే బోయాలు కట్టి ఉంటారు, వాటి లోపలే ఉండండి. దక్షిణాన గ్రి గ్రి దగ్గర దిబ్బ లేదు, అలలు నేరుగా కొండరాళ్ళను కొడతాయి. కళ్ళతో చూడటం వరకే.

మాస్కు విషయంలో కక్కుర్తి పడవద్దు. పడవల్లో అద్దెకిచ్చేవి ఎవరి ముఖానికీ సరిగా కుదరవు. హైదరాబాదులోనే నలుగురికీ నాలుగు కొను, కొనేటప్పుడు ఇలా చూడు. పట్టీ తలకు తగిలించకుండా మాస్కును ఊరికే ముఖానికి ఆనించి, ముక్కుతో కొంచెం గాలి పీల్చి, చెయ్యి తీసెయ్యాలి. కింద పడకుండా అతుక్కుని ఉంటే అది మీదే. జారిపోతే ఎంత ఖరీదైనదైనా వదిలెయ్. వెంట్రుక ఒక్కటి లోపల చిక్కుకున్నా నీళ్ళు కారతాయి, మనవరాలి ముంగురులు వెనక్కి బిగించి కట్టు. అల్లుడి మీసాల కింద కాస్త వాసెలిన్ రాసుకోమను, నామోషీ పడనక్కర్లేదు. కొత్త మాస్కు అద్దానికి లోపల వైపు టూత్‌పేస్టు రుద్ది బాగా కడగాలి, లేకపోతే ఆవిరి పట్టి చేపలకు బదులు మంచు కనిపిస్తుంది. ముఖమంతా కప్పే మాస్కులు ఈమధ్య వస్తున్నాయి. పిల్లలకు అవి నాకు నచ్చవు, కంగారు పుట్టినప్పుడు చటుక్కున తీసుకోలేరు.

మొదటి రోజు ఎక్కడికీ పోకుండా హోటల్ ముందే నడుము లోతు నీళ్ళలో సాధన చేయించు. నిలబడే ముఖం నీళ్ళలో పెట్టి, గొట్టంతో నోటిద్వారా నిదానంగా ఊపిరి పీల్చాలి. మొదటి రెండు నిమిషాలూ ఎవరికైనా గుండె దడదడలాడుతుంది. ఆ రెండు నిమిషాలు తోసుకు వెళ్ళకుండా ఆగితే తరువాత పిల్లల్ని బయటికి లాగడమే కష్టం. గొట్టంలోకి నీళ్ళు వస్తే ఒక్క పెట్టున గట్టిగా ఊదాలి. దీన్ని పది సార్లు చేయించు, ఆట అనుకుంటారు. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ తీయనివ్వకు. వెన్ను పైకి ఉంటుంది కాబట్టి ఎండ తెలియకుండా కాల్చేస్తుంది. పొడుగు చేతుల ఈత చొక్కాలు వేయిస్తే సన్‌స్క్రీన్ పూత చాలా వరకు తప్పుతుంది, పగడాలకూ మేలు. కాళ్ళకు మెత్తటి రబ్బరు బూట్లు తప్పనిసరి. నల్లటి పొడుగు ముళ్ళ జీవులు రాళ్ళ సందుల్లో ఉంటాయి, అచ్చం రాయిలాగే కదలకుండా పడి ఉండే విషపు చేప కూడా ఒకటి ఉంది. ఎవరికైనా దాని ముల్లు గుచ్చుకుంటే కాలు ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో పెట్టి, అలాగే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

పొద్దున తొమ్మిది నుంచి పదకొండు లోపే దిగండి. ఆ తరువాత గాలి పుంజుకొని నీరు కదులుతుంది.

అన్నిటికన్నా మంచి పగడాలు చూడాలంటే ఆగ్నేయ మూలన విమానాశ్రయానికి దగ్గరగా ఉన్న బ్లూ బే. 2000లో దాన్ని మెరైన్ పార్కుగా ప్రకటించారు, 2008లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో చేరింది. గాలి వచ్చే వైపే అయినా ఆ వంపులో నీళ్ళు కొంత కుదురుగానే ఉంటాయి, గాలి తక్కువున్న రోజు చూసుకో. మీ అత్తగారికి ఇక్కడ అద్దం అడుగు పడవ ఉంది. చీర తడవకుండా కూర్చుని, కాళ్ళ కింద పగడాలు చూసుకుంటూ వెళ్ళవచ్చు. నీళ్ళలోకి దిగినవాళ్ళు ఒక పని చేయండి. కాళ్ళు ఆడించడం ఆపి, కదలకుండా తేలుతూ చెవులు పెట్టి వినండి. కరకరమని ఎవరో పటికబెల్లం కొరుకుతున్నట్టు వినిపిస్తుంది. చిలకముక్కు లాంటి నోరున్న చేపలు పగడపు రాయిని గీకి తింటున్న చప్పుడది. వెనక నుంచి తెల్లని ఇసుక వదులుతాయి కూడా! మనవడికి ఇది చెప్పావంటే ఒడ్డున మీరు కూర్చున్న ఇసుక సంగతి రోజంతా ఆలోచిస్తాడు. నారింజ, నలుపు రంగుల మీద తెల్లని చారలున్న చేపలు మెత్తటి వేళ్ళలాంటి జీవుల మధ్య దూరి ఉంటాయి, అందులో ఒక రకం మారిషస్ చుట్టుపక్కల నీళ్ళలోనే ఉంటుంది. చేపలకు రొట్టె ముక్కలు వేయనివ్వకు. పడవవాళ్ళలో కొందరు వాళ్ళే చేతికిస్తారు, వద్దని చెప్పు. పగడం మీద నిలబడటం అసలే కూడదు. అది రాయి కాదు, ప్రాణం.

డాల్ఫిన్ల సంగతి నువ్వు పెద్ద అక్షరాలతో రాశావు. పడమర తీరంలో టామరిన్ దగ్గర తెల్లవారుజామున వస్తాయి, నిజమే. కానీ వాటి చుట్టూ పడవలు గుమికూడి, జనం వాటి ముందు దూకడం చూస్తే నాకు సిగ్గేస్తుంది. వెళ్ళాలనుకుంటే పడవలోనే కూర్చుని చూసి రండి.

తెరచాప పడవకు ఒక రోజంతా కేటాయించు, ఆ రోజు మరేమీ పెట్టకు. ఉత్తరాన గ్రాండ్ బే నుంచి గాబ్రియేల్ ద్వీపానికి కటమరాన్లు వెళ్తాయి. రెండు పడవ పొట్టలు, వాటి ముందు భాగంలో మధ్యన కట్టిన వల. ఆ వల మీద పడుకొని కిందికి చూస్తే నీళ్ళు మన పొట్టను తాకినంత దగ్గరగా పరిగెడుతుంటాయి. పిల్లలు అక్కడి నుంచి లేవరు. టికెట్టు కొనే ముందు ఒక్క మాట అడుగు: నిజంగా తెరచాప ఎత్తుతారా, ఇంజనుతోనే లాగించేస్తారా? ఆ దారిలో ఆగ్నేయపు గాలి పక్క నుంచి తగులుతుంది కాబట్టి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ తెరచాప పనిచేస్తుంది. ఎత్తకపోతే అది సరంగు బద్ధకమే. ఎత్తిన వెంటనే ఇంజను ఆపేస్తారు. అంతవరకూ చెవిలో ఉన్న రొద పోయి తాళ్ళు కీచుమనడం, గుడ్డ పటపటలాడి ఒక్కసారి బిగుసుకోవడం వినిపిస్తాయి. మనవడిని చుక్కాని దగ్గర కాసేపు నిలబడనిమ్మని అడుగు, చాలామంది సరంగులు కాదనరు.

దిబ్బ దాటగానే అలలు పక్క నుంచి ఊపుతాయి. క్వాన్ ద మీర్ అనే నిట్టనిలువు రాతి ద్వీపం పక్కన ఆ ఊపు ఎక్కువ. కడుపులో తిప్పేవాళ్ళు పడవ వెనక భాగంలో, మధ్యగా కూర్చుని దూరంగా ఆకాశం సముద్రం కలిసే చోట చూపు నిలపాలి. ఫోను చూడకూడదు. డాక్టరు రాసిచ్చిన మాత్ర పడవ ఎక్కడానికి గంట ముందే పడాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు. ఆ పూట టిఫిన్ ఎండు రొట్టె, అరటిపండు, అంతే. పడవలోనే మధ్యాహ్నం నిప్పుల మీద చేపలు, కోడి కాల్చి పెడతారు. మీ అత్తగారి శాకాహారం సంగతి ముందురోజే చెప్పకపోతే ఆమెకు పచ్చి కూరముక్కలు, బ్రెడ్డే గతి.

గాబ్రియేల్ ఇసుక, నీళ్ళ రంగు గురించి నేను చెప్పనక్కర్లేదు, చూస్తావు. పిల్లలకు మాత్రం ఒక సంగతి చెప్పు. 1856లో కలకత్తా నుంచి కూలీలతో వచ్చిన ఓడల్లో కలరా సోకిందని, వాళ్ళను రేవులోకి రానివ్వకుండా ఈ ద్వీపాల మీదే దింపారు. వందలమంది ఇక్కడే పోయారు. మన తెలుగువాళ్ళు కూడా ఆ శతాబ్దంలోనే చెరకు తోటల పనికి ఒప్పందాల మీద వెళ్ళారు, చాలామంది కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కినవాళ్ళే. వాళ్ళ వారసులు ఇప్పుడు ఇంట్లో ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి క్రియోల్ భాష మాట్లాడతారు, కానీ ఉగాదికి దేశమంతటా సెలవు. సింహాద్రి అప్పన్నకు పూజలు, దీపం చుట్టూ రామభజన తప్పకుండా చేస్తారు.

ఇక తిండి. హోటల్ బఫేలో మూడు పూటలూ తినేట్టు బేరం కుదుర్చుకోకు, ఉదయం ఒక్క పూటే తీసుకో. అసలు రుచి రోడ్డు పక్కన ఉంది. మొదట ధోల్ పూరీ. బెల్లం లేని బొబ్బట్టు అనుకో, శనగపప్పు పొడిపొడిగా లోపల పరిచి పల్చగా ఒత్తి కాలుస్తారు. అమ్మే ఆయన బండి మీద గుడ్డ కప్పిన దొంతర నుంచి రెండేసి తీస్తాడు, ఎప్పుడూ జంటగానే. మీద చిక్కుడు గింజల కూర ఒక గరిటె, రుగాయ్ అనే టమాటా కూర ఒక గరిటె, కొత్తిమీర పచ్చడి, ఆపైన మిరపకాయ కావాలా అని ఒక చూపు. తల ఊపేలోగా చుట్టి కాగితంలో చేతిలో పెడతాడు. నిలబడే తినాలి, కూర మోచేతి దాకా కారుతుంది. కారం అడిగినప్పుడు "కొంచెం" అను. మన నాలుకకే అది కొంచెం కాదు.

గాతో పిమాన్ అంటే పచ్చిమిర్చి వేసిన పప్పు వడలే, చిన్నవి. వెన్న రాసిన రొట్టెలో వేడివేడిగా నలిపి పెట్టుకొని పొద్దున తింటారు. బ్లూ బే వెళ్ళే రోజును సోమవారానికి కుదుర్చుకో, పక్కనున్న మహేబుర్‌లో పెద్ద సంత ఆ రోజే. నీళ్ళలోంచి వచ్చి తడి జుట్టుతో ఆ వడలు తినడానికి వేరే ముహూర్తం అక్కర్లేదు. మీరు నలుగురూ చేపలు తినేవాళ్ళు కాబట్టి వెందాయ్ తప్పక తినండి. వేయించిన చేప ముక్కలను ఆవాలు, పసుపు, వెల్లుల్లి, వెనిగర్‌లో ఊరబెడతారు. అప్పటికప్పుడు వండినదానికన్నా ముందురోజుది బాగుంటుంది, కొట్టువాణ్ణి అడిగి తెలుసుకో. చైనావాళ్ళ నూడుల్స్, ఆవిరి ఉండలు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి. వాటిలో చేప సాసు పడుతుంది కాబట్టి అవి మీ అత్తగారికి పెట్టవద్దు. ఆమెకు ధోల్ పూరీ, మన పరాటా లాంటి ఫరాటా, ఇంకా సబ్జా గింజలూ చైనా గ్రాసూ వేసిన అలూదా అనే చల్లని పాలు చాలు. అలూదా రాజధాని పోర్ట్ లూయీ పెద్ద మార్కెట్లోనే తాగాలి, మిగతా చోట్ల తాగాక నేను అన్నమాట ఇది.

ఆదివారం సాయంత్రం హోటల్ ముందున్న కుర్చీలు వదిలి మోన్ శ్వాజీ సరుగుడు తోపులోకి నడవండి. ఊళ్ళవాళ్ళు బిర్యానీ గిన్నెలతో, చాపలతో, తాతలతో సహా వచ్చి ఉంటారు. చింతపండు, ఉప్పు, కారం రాసిన అనాసపండు అమ్మేవాళ్ళు అక్కడే తిరుగుతారు.

మిగతావి చిన్న సంగతులు. మన పాస్‌పోర్టుకు ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు, తిరుగు టికెట్టూ బస కాగితాలూ చేతిలో ఉంచుకో. 2024 నుంచి అక్కడ యూపీఐ కూడా వచ్చింది, కానీ పూరీ బండి దగ్గర ఫోను ఊపకుండా చిల్లర పెట్టుకో. వాళ్ళ గడియారం మనకన్నా గంటన్నర వెనక, చలికాలం కాబట్టి ఆరు కాకముందే పొద్దు గూకుతుంది.

మే నెల కదా, మీ అత్తగారు బంగినపల్లి పళ్ళు సంచిలో పెట్టే ప్రమాదం ఉంది. అనుమతి లేని పళ్ళను, మొక్కలను ఆ దేశంలోకి రానివ్వరు, విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. బుట్ట ఖాళీ చేసి మరీ బయలుదేరమను.

ఉంటాను.

మీ అత్తయ్య