రాత్రిళ్ళు చెయ్యి తిమ్మిరెక్కే చిట్టికి

పర్లాకిమిడి

చి.ల.సౌ. చిట్టికి, పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

రాత్రి రెండింటికి లేచి కూర్చుని చెయ్యి విదిలించుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారి, పొద్దున్న జాకెట్టుకి హుక్కులు కుడుతుంటే సూది జారిపోతోందట. చిటికెనవేలికి మాత్రం ఏమీ లేదట. ఆ మాట వినగానే నాకు గుండె ఝల్లుమంది. నాకూ సరిగ్గా ఇలాగే మొదలైంది.

మణికట్టులో అరచేతి వైపు ఒక ఇరుకు దారి ఉంటుంది. కింద ఎముకలు, పైన గట్టి పట్టీ. వేళ్ళను ముడిచే తాళ్ళలాంటి తొమ్మిది స్నాయువులూ, ఒక నరమూ ఆ సందులోంచే పోవాలి. లోపల కాస్త వాచినా నలిగేది ఆ నరమే. చిటికెనవేలికి వెళ్ళే నరం వేరే దారిలో పోతుంది, అందుకే దానికి తిమ్మిరి రాదు. డాక్టర్లు కార్పల్ టనల్ అనేది దీన్నే. నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు ముడుచుకుని పడుకుంటాం కాబట్టి బాధ రాత్రే ఎక్కువ.

నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. చేతిలో బలం తగ్గిందని ఎవరో చెబితే రబ్బరు బంతి కొని రెండు నెలలు పిసికాను. గట్టిగా పిసికే కొద్దీ ఆ ఇరుకులో ఒత్తిడి పెరుగుతుందని అప్పుడు తెలియదు. ఆ ఏడు మార్గశిర లక్ష్మివారం పిండిముగ్గు పెడుతుంటే వేళ్ళ సందుల్లోంచి పిండి ఎంత జారుతోందో నాకే తెలియలేదు. గీత ఒకచోట లావు, ఒకచోట అసలు లేదు. ఆసుపత్రికి వెళ్ళేసరికి కుడి బొటనవేలి కింద కండ గుంటపడి ఉంది. ఆపరేషన్ తర్వాత తిమ్మిరి పోయింది గానీ ఆ కండ పూర్తిగా తిరిగి రాలేదు. ఎడమచేతికి అప్పుడే మొదలవుతుండగా జాగ్రత్తపడ్డాను కాబట్టి అది దక్కింది.

ముందు చెయ్యాల్సింది రాత్రి పట్టీ. మందుల షాపులో మణికట్టు స్ప్లింట్ అని అడుగు, లోపల రేకు ఉన్నది. మణికట్టు పైకీ కిందికీ వంగకుండా తిన్నగా ఉండాలి, రక్తం ఆగేంత బిగించకూడదు. ఆరు వారాలైనా రోజూ కట్టుకుని పడుకో. రెండు రాత్రులు కట్టి లాభం లేదని పక్కన పడెయ్యకు.

ఇక వ్యాయామం. ఇందులో బలం పెట్టేది ఏమీ లేదు, ఆ తాళ్ళూ నరమూ ఒకదానికొకటి అంటుకోకుండా మెల్లగా జారాలి, అంతే. మోచెయ్యి బల్లమీద ఆనించి, వేళ్ళు పైకి నిటారుగా పెట్టు. అరచెయ్యి కదపకుండా వేళ్ళ పై రెండు కణుపులే వంచు, కొక్కెంలా అవుతుంది. మళ్ళీ నిటారు. తర్వాత మెత్తగా పూర్తి పిడికిలి. మళ్ళీ నిటారు. ఈసారి వేళ్ళు తిన్నగానే ఉంచి, అవి అరచేతికి కలిసేచోట మాత్రం వంచు, బల్లలా అవుతుంది. అక్కడి నుంచి వేలికొసలు అరచేతి మొదలుకి ఆనించు. ఒక్కోచోట అయిదు లెక్కపెట్టేంతసేపు ఆగాలి. ఇలా అయిదుసార్లు, రోజుకి మూడు పూటలు.

నరానికి వేరే ఉంది. పిడికిలితో మొదలుపెట్టి, మణికట్టు తిన్నగా ఉంచి వేళ్ళు చాచు. తర్వాత మణికట్టు వెనక్కి వంచు, బొటనవేలు పక్కకి చాచు, అరచెయ్యి ఆకాశం వైపు తిప్పు. ఇది మూడు నాలుగుసార్లు చాలు. కాస్త లాగినట్టు ఉంటే పరవాలేదు. జివ్వుమని తిమ్మిరి వచ్చి, చెయ్యి దించాక కూడా తగ్గకపోతే ఆపెయ్. నొప్పి పుట్టేదాకా చేస్తేనే ఫలితం అనే పట్టుదల మన ఇంటి ఆడవాళ్ళకి ఎక్కువ. ఇక్కడ అది పనికిరాదు.

వ్యాయామం ఒక్కదానితోనే ఇది పోతుందని ఎవరైనా అంటే నమ్మకు. పట్టీ ఉండాలి, పని తీరు మారాలి. ఒడియావాళ్ళ రజ పండక్కీ దసరాకీ ఆర్డర్లు మీద పడినా, నాలుగు మడతల గుడ్డ ఒకేసారి కత్తిరించకు. చేతికుట్టు అరగంట చేస్తే అయిదు నిమిషాలు ఆపు. కాజాలు కుట్టే పని కొన్నాళ్ళు పక్కింటి పిల్లకి ఇవ్వు, డబ్బులు పోతే పోయాయి. దుప్పట్లు చేత్తో పిండకు, తీగమీద వేస్తే నీళ్ళు అవే కారతాయి.

షుగరు, థైరాయిడ్ రక్తపరీక్ష చేయించు. అవి ఉన్నా చేతుల్లో ఇలా వస్తుంది, ముందు వాటికి మందు పడాలి. కడుపుతో ఉన్నప్పుడు కూడా రావచ్చు. అలాంటి విశేషమేమైనా ఉంటే డాక్టరుకి ముందే చెప్పు.

అద్దం దగ్గర రెండు చేతులూ పక్కపక్కన పెట్టి బొటనవేళ్ళ కింద కండ చూసుకో. ఒకటి చదునుగా కనిపించినా, గ్లాసు చేతిలోంచి జారినా, తిమ్మిరి పగలంతా వదలకపోయినా నా వ్యాయామాలు నమ్ముకుని కూర్చోకు. నరంలో కరెంటు ఎలా పోతోందో చూసే పరీక్ష ఉంది, అది చేయించాలి. బరంపురం మెడికల్ కాలేజీకి నేనే తోడు వస్తాను.

ఆదివారం గుణుపూర్ నుంచి బండెక్కి ఇక్కడికి రా. వ్యాయామం ఒకసారి నా ఎదురుగా చేసి చూపించు, తప్పులుంటే దిద్దుతాను. నీ పెద్ద కత్తెర కూడా పట్టుకురా. అది మొద్దుబారి ఎన్నాళ్ళయిందో, సాన పట్టించి ఇస్తాను.

మీ పెద్దమ్మ